వినబడని పాట

మా నెల్లూరు వైపు పాట అంటే రెండు అర్థాలు. ఒకటి పాడుకునేది, రెండోది వేలంలో పాడేది. చెరువు చేపల పాట, చింతచెట్ల పాట, తిరనాళ్లలో అంగళ్ల పాట. "ఎంతకు పాడినాడు?" అని ఎవరైనా అడిగితే అది రాగం గురించి కాదు, రూపాయల గురించి. నేను బతికేది ఈ రెండో పాట మీద. కాకపోతే నేను పాడేది ఎవరికీ వినబడదు. పక్కవాడు పాడేది నాకూ వినబడదు.

ఆన్‌లైన్‌లో చీరలమ్మే ఒక కంపెనీ మార్కెటింగ్ టీములో పే-పర్-క్లిక్ ప్రకటనలు చూడటం నా పని. మీరు ఫోన్‌లో "వెంకటగిరి జరీ చీర" అని వెతికితే, పైన "స్పాన్సర్డ్" అన్న చిన్న అక్షరాల కింద రెండు మూడు ఫలితాలొస్తాయి. వాటిలో ఒకటి నేను పెట్టింది కావచ్చు. అది మీకు కనబడినందుకు మా కంపెనీ ఏమీ కట్టదు. దాని మీద మీ వేలు పడితే కడుతుంది. మీరు చీర కొన్నారా, ఊరికే చూసి వెళ్లిపోయారా అన్నది తర్వాతి మాట. వేలు పడిందంటే డబ్బు పోయినట్టే.

2020లో బెంగళూరు ఆఫీసు మూతబడ్డాక ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చాను. మా ఊరు ఇందుకూరుపేట వైపు. మైపాడు సముద్రం దగ్గరే. నిద్ర పట్టని తెల్లవారుజాముల్లో బండేసుకుని రేవుకు పోవడం అప్పుడే అలవాటైంది. నావలు ఒడ్డుకొచ్చే వేళకి ఇసుకలో జనం గుంపుగా నిలబడి ఉంటారు. పరిచిన పట్టా మీద చేపలు పోస్తారు. వంజరాలు ఒక పక్క, చందువలు ఒక పక్క, చిన్న చేపలు కుప్పగా. పాట పెట్టే మనిషి ఒక ధర అరుస్తాడు. ఎవరో యాభై పెంచుతారు, ఇంకెవరో ఇంకో యాభై. ఒకామె తల అడ్డంగా ఊపి వెనక్కి జరుగుతుంది. ఐసుపెట్టెల వ్యాపారి పెదవి కదపకుండా వేలు మాత్రం ఎత్తుతాడు. రెండు నిమిషాల్లో పాట ముగుస్తుంది. ఎవరు ఎంత దాకా వచ్చారో, ఎవరు ఎక్కడ ఆగారో చుట్టూ ఉన్న అందరికీ తెలుసు.

ఒకరోజు అక్కడ నిలబడి ఫోన్‌లో క్యాంపెయిన్లు చూసుకుంటున్నాను. గంప పక్కన పెట్టుకుని కూచున్న ఒక అవ్వ అడిగింది.

"ఏందబ్బయా, పొద్దస్తమానం ఆ ఫోన్‌లో గీకతా ఉండావు? ఏం పని చేస్తావు నువ్వు?"

"నేనూ పాటే పాడతానవ్వా. చీరల ప్రకటనల్లో ఎవరిది పైన రావాల్నా అని పాట."

"ఎవురెవురు పాడతారు?"

"సరిగ్గా తెలవదు."

"ఎంతెంతకి పాడతారు?"

"అదీ తెలవదు."

అవ్వ నన్ను కాసేపు చూసింది. "మరి అది పాటెట్టా అవుద్ది?"

ఆరేళ్లుగా ఈ పని చేస్తున్నా ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. అప్పటి నుంచి అడపాదడపా చదువుతూ పోయాను. చదివింది మళ్లీ ఈ తీరానికే తీసుకొచ్చింది.

*

మైపాడు నుంచి తీరం వెంట దక్షిణానికి పోతే, కృష్ణపట్నం దాటాక, దుగరాజపట్నం వస్తుంది. ఇంగ్లీషువాళ్లు దీన్ని ఆర్మగాన్ అన్నారు. తమకు అక్కడ చోటిప్పించిన ఆర్ముగం మొదలియారు పేరు మీద ఆ పేరు వచ్చిందని చెబుతారు. 1626 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ ఒక ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్యాక్టరీ అంటే మిల్లు కాదు, సరుకు కొని దాచుకునే కొఠీ. 1628 నాటికి దానికి 12 ఫిరంగులు, 23 మంది ఉద్యోగులూ సిపాయిలూ ఉన్నారు. మద్రాసు కోట ఇంకా పుట్టలేదు.

వాళ్లకు కావాల్సింది బట్ట. కోరమాండల్ తీరపు నేతబట్టను ఓడల్లో జావాలోని బంటం రేవుకు తీసుకెళ్లి అక్కడ మిరియాలకు మార్చుకోవడం ఆనాటి వ్యాపారం. వెండి పెడితే మిరియాలు ఖరీదు. బట్ట పెడితే కిట్టుబాటు. అయితే దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్లు అప్పటికే కోట కట్టుకుని కూర్చున్నారు. మధ్యవర్తుల చేతికి డబ్బిచ్చి, వాళ్ల ద్వారా నేతగాళ్లకు ముందే బయానా ముట్టజెప్పి, మగ్గం మీదున్న బట్టను మగ్గం మీదనే తమది చేసుకోవడం అందరి పద్ధతి. బయానా తీసుకున్న నేతగాడికి ఇంకొకడు ఎక్కువిస్తానన్నా లాభం లేదు.

ఆర్మగాన్ కొఠీ చూస్తున్న ఫ్రాన్సిస్ డే 1639లో ఇంకా దక్షిణానికి వెళ్లి మద్రాసపట్నంలో చోటు సంపాదించాడు. ఎందుకక్కడ అంటే ఆయన పైవాళ్లకు చెప్పిన కారణాల్లో ఒకటి, ఆ చుట్టుపక్కల బట్ట సుమారు 20 శాతం చవక అని. ఆ మరుసటేడు ఆర్మగాన్ ఖాళీ అయింది, సెయింట్ జార్జి కోట లేచింది. చెన్నపట్నం పుట్టుక వెనక నెల్లూరు తీరంలో గిట్టని బట్ట ధర కూడా ఒక కారణమన్నమాట. మా టీములో ఏదైనా కీవర్డ్ ఖరీదెక్కితే దాన్ని ఆపేసి చవకగా దొరికే ఇంకోదాని మీదికి బడ్జెట్ మళ్లిస్తాం. డే చేసిందీ అదే.

బట్ట కొన్నచోట పాట లేదు. ఉన్నది బయానా, మధ్యవర్తి, చెప్పిన ధర. పాట లండన్‌లో జరిగేది. కంపెనీ తెచ్చిన సరుకును అక్కడ కొవ్వొత్తి వేలం వేసేవాళ్లు. అంగుళం కొవ్వొత్తి వెలిగిస్తారు. అది ఆరేలోపు ఎవరిది చివరి పాటైతే సరుకు వాళ్లది. శామ్యూల్ పెపిస్ అనే నౌకాదళ ఉద్యోగి రాసుకున్న డైరీలో 1662 నాటి ఒక వేలం సంగతి ఉంది. అమ్ముడుపోయినవి పాత ఓడలు. ఒకతను మిగతావాళ్ల కంటే నేర్పుగా సరిగ్గా చివరి క్షణంలో పాడాడట. ఎలాగని అడిగితే, కొవ్వొత్తి ఆరబోయే ముందు దాని పొగ కిందికి దిగుతుందని, అది చూసి పాడతానని చెప్పాడట. పాటలో అందరూ సమానంగానే నిలబడతారు గానీ పొగను చూసేవాడు ఒక్కడే ఉంటాడు. నా ఉద్యోగంలో సగం ఆ పొగను చూడటమే.

*

సరుకు పాట సంగతి ఇది. మరి మనిషి చూపుకు వెల ఎప్పటి నుంచి? ప్రకటన సంగతికొస్తే తెలుగువాళ్ల దారి కొంచెం వేరు.

1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు దాన్ని సంగీత కచేరీల్లో ఉచితంగా పంచిపెట్టేవారన్నది అందరూ చెప్పుకునే కథ. తలనొప్పి పోయినవాడు మర్నాడు అంగట్లో అడుగుతాడు. ఆయన 1908లో ఆంధ్రపత్రిక వారపత్రిక పెట్టారు. 1914లో అది మద్రాసు నుంచి దినపత్రికైంది. అమృతాంజనం సొమ్ము పత్రికను నిలబెట్టింది. పత్రిక ఆ పసుపు సీసా పేరును ఊరూరికీ మోసింది.

రెండో మనిషి కె. ఎన్. కేసరి. ఒంగోలు దగ్గర ఇనమనమెళ్లూరులో పుట్టారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. చిన్నతనంలోనే మద్రాసు చేరి, కేసరి కుటీరం పెట్టి, ఆడవాళ్ల మందు లోధ్రతో సంపాదించారు. 1928లో గృహలక్ష్మి పత్రిక మొదలుపెట్టారు. మందు కొనేదీ ఆడవాళ్లే, పత్రిక చదివేదీ వాళ్లే. ఇవాళ మేం "టార్గెట్ ఆడియన్స్" అని స్లైడ్ల మీద రాసుకునేదాన్ని ఆయన నెలనెలా అచ్చు వేయించారు.

ఈ ఇద్దరూ చూపును అద్దెకు తీసుకోలేదు. చూపు నిలిచే చోటును తామే కట్టుకున్నారు. అందులో కథలకూ వ్యాసాలకూ చోటిచ్చారు, రచయితల్ని పెంచారు. ప్రకటన పక్కనే సాహిత్యం బతికింది. ఆ చోటు యజమాని ఎవరో పాఠకుడికి తెలుసు, పేరు అట్ట మీదే ఉండేది.

ఊళ్లో కూర్చుని సరుకు తెప్పించుకోవడమూ కొత్త కాదు. వీపీపీ పద్ధతి మన తపాలాలోకి 1877లోనే వచ్చింది. పోస్టుమ్యాన్ పొట్లం తెస్తాడు, డబ్బు కట్టి తీసుకోవడమే. ఇవాళ్టి క్యాష్ ఆన్ డెలివరీకి అది తాత. ఏ ప్రకటన చూసి ఉత్తరం వచ్చిందో కనిపెట్టడానికి అమెరికాలో ఒక్కో పత్రికలో ఒక్కో గుర్తుతో కూపన్ అచ్చువేసేవాళ్లు. కూపన్లు లెక్కబెడితే ఏ పత్రికకు పెట్టిన డబ్బు పండిందో తేలిపోతుంది. క్లాడ్ హాప్కిన్స్ 1923లో రాసిన సైంటిఫిక్ అడ్వర్టైజింగ్ పుస్తకమంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. మా పనిలో కొత్తవాళ్లకు ఇప్పటికీ దాన్ని చదవమంటారు.

కానీ వీపీపీకైనా కూపన్‌కైనా పత్రికవాడు తీసుకునేది చోటుకు వెల. అంగుళానికి ఇంత, పేజీకి ఇంత. చదివారా లేదా అన్నది ప్రకటనదారు ఖర్మ. ఇంటర్నెట్ వచ్చిన కొత్తలోనూ అంతే. 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ అనే సైటులో మొదటి బ్యానర్లు వచ్చినప్పుడు కట్టింది చోటుకే. 1996లో ప్రోక్టర్ అండ్ గాంబుల్ యాహూతో, జనం నొక్కితేనే డబ్బిస్తామని బేరం పెట్టింది. పత్రికలవాళ్లు వినుంటే నవ్వేవాళ్లేమో. రెండేళ్లలో ఆ బేరమే వ్యాపారమైంది.

1998లో బిల్ గ్రాస్ అనే ఆయన గోటు డాట్ కామ్ అనే వెతుకుడు సైటు తెచ్చాడు. అక్కడ ఒక మాటకు ఎవరు ఎక్కువ పాడితే వాళ్ల సైటు పైన వస్తుంది. ఎవరైనా నొక్కితేనే పాడినంత కడతారు. నేను చదువుతూ ఆగిపోయిన చోటు ఇదే: గోటు సైటులో ప్రతి ఫలితం పక్కనా ఆ ప్రకటనదారు ఎంతకు పాడాడో సెంట్లతో సహా రాసి ఉండేది. వెతికేవాడికీ కనబడేది, పోటీదారుకీ కనబడేది. అంటే క్లిక్కు పాట పుట్టినప్పుడు మైపాడు రేవు లాగే పుట్టింది. అందరికీ వినబడుతూ.

దానికో తంటా వచ్చింది. పాడినంతా కట్టాలి కాబట్టి ఎవరూ పక్కవాడి కంటే ఒక్క సెంటు మించి పాడరు. వాడు ఇంకో సెంటు పెంచుతాడు, వీడు ఇంకోటి. ఒక హద్దు దాటాక ఒకడు విసిగి కిందికి దిగిపోతాడు. అప్పుడు పైవాడూ దిగుతాడు. మళ్లీ మొదలు. ఈ పని చేయడానికి ప్రోగ్రాములు రాసుకున్నారు. ధరలు రంపపు పళ్లలాగా రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉండేవి.

గూగుల్ తన యాడ్‌వర్డ్స్‌ను 2000 అక్టోబరులో 350 మంది ప్రకటనదారులతో మొదలుపెట్టింది. అప్పుడు కూడా తీసుకుంది కనబడినందుకే, వెయ్యి సార్లకు ఇంత అని. 2002 ఫిబ్రవరిలో క్లిక్కుకు మారింది. పేరు మార్చుకుని ఓవర్చర్ అయిన గోటు ఆ ఏడే పేటెంటు కేసు వేసింది. తర్వాత ఓవర్చర్‌ను యాహూ కొనేసింది. 2004లో యాహూకు 27 లక్షల షేర్లిచ్చి గూగుల్ ఆ కేసు వదిలించుకుంది. ఆలోచన ఎవరిదో దానికి వెల కట్టడం కూడా అలా అయిపోయింది.

మారినప్పుడు గూగుల్ రెండు మెలికలు పెట్టింది. ఒకటి, గెలిచినవాడు తను పాడినంత కట్టక్కర్లేదు, తన కిందవాణ్ని దాటడానికి ఎంత చాలో అంతే కట్టాలి. ఈ రకం వేలానికి దగ్గరి చుట్టం విలియం వికెరీ అనే ఆర్థికవేత్త 1961లో రాసిన పరిశోధనలో ఉంది. ఆయనకు 1996లో నోబెల్ ఇచ్చారు, ప్రకటించిన మూడు రోజులకే చనిపోయారు. రెండో మెలిక, ధర ఒక్కటే చాలదు, ప్రకటన నాణ్యత కూడా లెక్కలోకి వస్తుంది. జనం ఎక్కువగా నొక్కే ప్రకటనకు మార్కులెక్కువ.

ఒక చిన్న లెక్క చెప్తాను. నేను 20 రూపాయలకు పాడాను, నా నాణ్యత 5 అనుకోండి. రెండూ గుణిస్తే 100. మీరు 16కి పాడారు, మీ నాణ్యతా 5. మీది 80. నేను పైన వస్తాను. కట్టేది 20 కాదు, మీ 80ని నా 5తో భాగిస్తే వచ్చే 16, దానిమీద ఒక పైసానో ఏదో. అదే నా నాణ్యత 8 అయితే నేను కట్టేది 10 రూపాయలే. అసలు సూత్రంలో ఇంకా చాలా కలుస్తాయి గానీ ఎముక ఇదే. ఇది తెలివైన పద్ధతి. రంపపు పళ్లు అరిగిపోయాయి. చెత్త ప్రకటనలు కిందికి పోయాయి.

దాంతోపాటే పాట వినబడటం ఆగిపోయింది. పక్కవాడు ఎంతకు పాడాడో చూపించరు. నాణ్యతకు మార్కులు వేసేదీ, పాట పెట్టేదీ, గెలిచిందెవరో చెప్పేదీ, డబ్బు తీసుకునేదీ ఒక్కరే. 2023 సెప్టెంబరులో అమెరికాలో గూగుల్ మీద గుత్తాధిపత్యం కేసు నడుస్తున్నప్పుడు, ప్రకటనల విభాగం పెద్ద ఒకాయన కోర్టులో ఒక మాట ఒప్పుకున్నారు. వేలంలో చిన్న మార్పులు చేసి ధరలు 5 శాతం దాకా, కొన్ని వెతుకుళ్లకు 10 శాతం దాకా కూడా పెంచి ఉంటామని, ఆ సంగతి ప్రకటనదారులకు చెప్పరని. 2024 ఆగస్టులో న్యాయమూర్తి అమిత్ మెహతా వెతుకుడు వ్యాపారంలో గూగుల్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని తీర్పిచ్చారు. మైపాడులో పాట పెట్టే మనిషి, ఎవరూ పెంచకుండానే తనే యాభై కలిపి అరిచాడనుకోండి. ఇసుకలో నిలబడిన ఇరవై మంది ఊరుకోరు.

రేవును గొప్ప చేసి చెప్పడం లేదు. అక్కడికొచ్చే ప్రతి చేపా పాటకు రాదు. వలకో ఇంజనుకో వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకున్న నావ చేపల్ని నేరుగా ఆ వ్యాపారికే, అతను చెప్పిన ధరకే వెయ్యాలి. ఆర్మగాన్ నేతగాడి బయానా, మైపాడు నావ అడ్వాన్సు ఒకటే తాడు. కాకపోతే ఆ తాడు ఎవరి చేతిలో ఉందో నావవాడికి తెలుసు, తిట్టుకోవడానికి ఒక పేరుంటుంది.

*

ఇక నా సంగతి.

2018లో గూగుల్ ప్రకటనల భాషల్లో తెలుగు చేరింది. మా కంపెనీలో తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి తెలుగు కీవర్డ్‌లన్నీ నాకే వచ్చాయి. మనవాళ్లు చీరను ఎన్ని రకాలుగా వెతుకుతారో అప్పుడు తెలిసింది. తెలుగు అక్షరాల్లో రాసేవాళ్లు కొందరు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లు చాలామంది. వెంకటగిరిలో "ట"కు ఒకరు ఒక అక్షరం పెడతారు, ఇంకొకరు రెండు. పెళ్లి, శ్రీమంతం, అమ్మకి, అత్తకి అని కలిపి వెతుకుతారు. పెద్ద కంపెనీలు పట్టించుకోని ఈ తప్పుల స్పెల్లింగుల్లో క్లిక్కు చవక. నాకు పేరొచ్చింది అక్కడే.

వెంకటగిరి చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. సన్న నూలు, జాందానీ పని, జరీ అంచు. వెలుగోటి రాజుల కాలం నుంచి పేరున్న నేత. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఊరు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ జనం వెతుకుడులో ఇప్పటికీ నెల్లూరే పక్కన పెడతారు. భౌగోళిక గుర్తింపు ఉన్న పేరుతో వేరే చోట నేసిన బట్టను అమ్మకూడదు. కానీ ఆ పేరు మీద పాట ఎవరైనా పాడొచ్చు. ట్రేడ్‌మార్కుల సంగతీ దాదాపు అంతే. ఒక ప్యాకర్స్ అండ్ మూవర్స్ కంపెనీ వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2023 ఆగస్టులో, ఇతరుల పేరును కీవర్డ్‌గా వాడటం దానికదే తప్పు కాదు, జనం పొరబడేలా ఉంటేనే తప్పు అంది. అంటే నీ పేరు కోసం వెతికిన మనిషి నీ దాకా రావాలంటే, అదే పేరు మీద పాడుతున్న ఇంకొకడితో నువ్వు పోటీ పడి కట్టుకోవాలి.

మా రిపోర్టుల్లో ఒకటుంది. నా పాటల్లో నాతోపాటు ఎవరెవరు కనబడ్డారో సైటు పేర్లు చెబుతుంది. ధరలు చెప్పదు, పేర్లు మాత్రం చెబుతుంది. పెద్ద పెద్ద సైట్ల మధ్య ఒక చిన్న పేరు పదేపదే వచ్చేది. తెరిచి చూస్తే వెంకటగిరిలోనే ఒక ఇంటి మగ్గాల మీద నేసినవి అమ్ముకునే సైటు. ఫొటోలు మంచం మీద పరిచి తీసినవి. ప్రకటన మాత్రం బాగా రాశాడు, మా కంటే పైన వచ్చేది.

టీము మీటింగులో అది చూపించాను. మా పైనున్నాయన ఒక ఉపాయం చెప్పారు. అది ఆయన కనిపెట్టింది కాదు, ఈ పనిలో చాలామందికి తెలిసిందే. "వాళ్లది చిన్న బడ్జెట్. నువ్వు పైకి రావక్కర్లేదు. పొద్దున పూట వాళ్ల కిందే ఉండి నీ బిడ్ పెంచు." పైన చెప్పిన లెక్క గుర్తుంది కదా. పైవాడు కట్టేది కిందవాడి పాటను బట్టి. నేను కిందుండి పాట పెంచుతూ పోతే ఖర్చు అతనికి, నాకు కాదు. రోజు బడ్జెట్ త్వరగా అయిపోతే అతని ప్రకటన మాయమవుతుంది. సాయంత్రం చీరలు చూసేవాళ్లు ఎక్కువ, అప్పుడు నాకు క్లిక్కు చవక.

చేశాను. అతని షాపు పేరు మీద కూడా పాడాను. వారం తిరక్కముందే సాయంత్రాల్లో ప్రివ్యూలో వెతికితే అతను కనబడటం మానేశాడు. నెలాఖరు స్లైడులో మా తెలుగు క్యాంపెయిన్ ఆకుపచ్చ రంగులో వచ్చింది. చప్పట్లు కొట్టారు. నేనూ సంతోషించాను, అది దాచను.

కొన్ని నెలల తర్వాత ఫొటోల పని మీద వెంకటగిరి వెళ్లాల్సి వచ్చింది. మా సప్లయర్ ఇంటి నుంచి రెండు వీధులవతల ఆ షాపు బోర్డు కనబడింది. లోపలికెళ్లాను. ముందు గదిలో గుంటమగ్గం, దాని మీద వాళ్ల నాన్న. వెనక గదిలో కంప్యూటరు, చీరల కట్టలు. నా వయసువాడే. ఆన్‌లైన్‌లో పనిచేస్తానని చెప్పగానే కుర్చీ వేశాడు.

"అన్నా, మీకు తెలుసుంటది, ఒకటి చెప్పండి. రోజుకి మూడొందలు పెడతా ఉండాను. ముందు ముప్ఫై మంది దాకా వచ్చేవాళ్లు. ఇప్పుడు పన్నెండు మంది వస్తే ఎక్కువ. గూగులోడు రేటు పెంచినాడా?"

మూడొందలకు ముప్ఫై అంటే క్లిక్కు పది. పన్నెండంటే పాతిక. వంద మంది వస్తే ఒక చీర అమ్ముడుపోతుందనుకుంటే, అంతకుముందు చీర మీద ప్రకటన ఖర్చు వెయ్యి. ఇప్పుడు రెండున్నర వేలు. ఆ పదిహేను వందలు ఎక్కడి నుంచి రావాలి? నూలు ధర తగ్గదు, జరీ ధర తగ్గదు. తగ్గితే ముందు గదిలో కూర్చున్న మనిషి కూలే తగ్గాలి. ఆయన మాత్రం మా మాటలు పట్టనట్టు పోగు చూసుకుంటున్నారు.

"పోటీ పెరిగిందేమో" అన్నాను. అంతకు మించి నా నోరు రాలేదు. గూగుల్ కాదు, నేనేనని చెప్పాలని ఉంది. దానికి బదులు గంటసేపు కూర్చుని తప్పుల స్పెల్లింగుల్లో క్లిక్కు చవకగా దొరుకుతుందని, శ్రీమంతం చీరలు పెట్టుకోమని, ఫొటోలు మగ్గం పక్కనే తీయమని చెప్పొచ్చాను. వాళ్లమ్మ టీ ఇచ్చింది. "మంచోడివి నాయనా" అంది. ఆ టీ తాగడం కష్టమైంది.

రేవులో అయితే నేనాపని చెయ్యలేను. ఎదురుగా నిలబడి, కొనే ఉద్దేశం లేకుండా, ఒక బక్క బేరగాడి మీద ధర ఎక్కిస్తూ పోతే మూడో రోజుకు నన్ను పాటలో నిలబడనివ్వరు. నేను మంచివాణ్ని కాబట్టి కాదు, అందరూ చూస్తుంటారు కాబట్టి. పాట వినబడటమన్నది ధర కోసం మాత్రమే కాదన్నమాట. పాడేవాడు మనిషిలా ప్రవర్తించడానికి కూడా. గూగుల్ చెప్పకుండా 5 శాతం పెంచడమూ, నేను చెప్పకుండా ఒకడి బడ్జెట్ ఖాళీ చేయడమూ ఆ చీకట్లోనే సాధ్యమయ్యాయి. పెద్ద తప్పు ఎవరిదో కోర్టు తేల్చింది. చిన్నది తేల్చడానికి కోర్టు లేదు.

ఇంటికొచ్చాక అతని షాపు పేరును మా కీవర్డ్‌లలోంచి తీసి నెగటివ్ జాబితాలో పెట్టాను. అంటే ఆ పేరు వెతికినవాళ్లకు ఇక మా ప్రకటన రాదు. పొద్దుటిపూట పెంచిన బిడ్ దించాను. ఎందుకు మార్చావని అడిగితే "ఆ పేరు మీద అమ్మకాలు తక్కువ" అని రాశాను. అది నిజమే, అసలు కారణం మాత్రం కాదు. "వెంకటగిరి చీర" అన్న మాట మీద ఇప్పటికీ పాడుతున్నాను. దాన్ని వదిలితే ఉద్యోగం వదలాలి.

మొన్న మళ్లీ మైపాడు వెళ్లాను. అవ్వ గంపకు చుట్టకుదురు సర్దుకుంటోంది. నన్ను గుర్తుపట్టింది.

"తెలిసిందా అబ్బయా, నీతో పాడతుండేది ఎవురో?"

"ఒకాయన తెలిసినాడవ్వా."

"మరి పాట ఆపేసినావా?"

"సగం ఆపినా."

అవ్వ నవ్వలేదు. "సగం ఆపేది పాటలో ఉండదబ్బయా" అని గంప ఎత్తుకుంది. నేనొక చెయ్యేశాను. ఏడు గంటల బస్సుకు అందుకోవాలని గబగబా నడిచిపోయింది.